పదకొండో అధ్యాయానికి కావలసిన మెమరీ

విశాఖపట్నం, అల్లిపురం
నవంబరు 19, మంగళవారం

ఖయ్యూం అన్నకు,

నిన్న సోమవారం ఉదయం పది నలభైకి మన బ్రెయిలీ గది కంప్యూటరు ఆగిపోయింది. పదో తరగతి లెక్కల పుస్తకంలో పదో అధ్యాయం చివరి పేజీ అప్పుడే ప్రింటరు నుంచి వచ్చింది. పదకొండో అధ్యాయం తెరవబోతే బిగుసుకుపోయింది. ఆపి మళ్ళీ వేస్తే తెర వెలగలేదని మూర్తి బాబాయి చెప్పారు. బీప్ మాత్రం నేనే విన్నాను. పొడుగ్గా, ఆగి ఆగి, స్విచ్చి కట్టేదాకా మోగుతూనే ఉంది.

పద్నాలుగేళ్ళ కిందట దీన్ని బిగించింది మీరే కాబట్టి మీకు రాస్తున్నాను. ఫోన్ ఏడుసార్లు చేశాను. మోగుతోంది, ఎవరూ ఎత్తడం లేదు. చివరికి మూర్తి బాబాయి మీ తగరపువలస అడ్రసు సంపాదించారు. ఈ ఉత్తరం నేను చెబుతుంటే రాస్తున్నదీ ఆయనే. పూర్తి పేరు శ్రీరామ్మూర్తి. పోర్టులో టాలీ క్లర్కుగా ముప్పై ఒక్క ఏళ్ళు కంటెయినర్ల నంబర్లు రాసి రిటైరయ్యారు. మీరు షాపు నుంచి వచ్చే రోజుల్లో ఆయన ఇంకా ఇక్కడ చేరలేదు.

కొత్త కంప్యూటరు కొనుక్కోమని అందరూ అంటున్నారు. మన బ్రెయిలీ ప్రింటరు వైరు కొత్తవాటికి తగలదని మీకు తెలుసు. తెలుగు బ్రెయిలీ సాఫ్ట్‌వేరు తెరుచుకోవడానికి గుచ్చే తాళం ముక్క కూడా అలాంటి పాత సాకెట్లోనే పడుతుంది. ఆ సాఫ్ట్‌వేరు చేసిన కంపెనీ ఇప్పుడు లేదు.

ద్వారకా నగర్‌లో ఒక షాపుకి వెళ్ళాం. కౌంటరు మీది ఆయన, "ఇది మ్యూజియంలో పెట్టాలమ్మా" అన్నాడు. అయినా మెమరీ పోయుంటుందని కొత్త ర్యామ్ ముక్క ఒకటి అమ్మాడు. అది స్లాటులోకి దిగలేదు. వేలితో తడిమి చూస్తే దాని గాడి పాతదాని గాడి ఉన్న చోట లేదు.

ఈ పుస్తకం యశస్విని కోసం. గాజువాక అమ్మాయి, నాలాగే పుట్టుకతోనే చూపు లేదు. లెక్కలు వదిలేసి వేరే సబ్జెక్టు తీసుకోమని స్కూల్లో అంటే, పుస్తకం ఉంటే రాస్తానని చెప్పింది. పుస్తకం నేనిస్తానని వాళ్ళ హెడ్‌మాస్టరు ముందే మాటిచ్చాను. జనవరిలో ప్రీఫైనల్. అందులో లెక్కలు రాయలేకపోతే పబ్లిక్ పరీక్షకి లెక్కలు వద్దని కాగితం రాసివ్వాలట. మిగిలిన నాలుగు అధ్యాయాలు డిసెంబరు 31 లోపు ఆమె చేతిలో ఉండాలి.

మీరు ఒకసారి వస్తారా?

సూర్యకళ


తగరపువలస
నవంబరు 21, గురువారం

సూర్యకళమ్మకు,

ఉత్తరం అందింది. షాపు మార్చిలో మూసేశాను. రావడం కుదరదు. ఫోన్ చెయ్యవద్దు, ఎత్తను. ఏదైనా ఉంటే రాయండి, జవాబిస్తాను.

మీరు చెప్పిన బీప్ మెమరీదే అనుకుంటున్నాను. కానీ అనుకుని పని చెయ్యకూడదు. స్విచ్చి కట్టడం కాదు, గోడ నుంచి వైరే పీకెయ్యండి. క్యాబినెట్ ఇనుప రేకుని ఒకసారి ముట్టుకోండి, మీ ఒంట్లో కరెంటు ఉంటే దానిలోకి పోతుంది. తరువాతే ర్యామ్ ముట్టుకోవాలి. లోపల రెండు ఉండాలి. రెండూ తీసి, ఒక్కొక్కటే పెట్టి స్టార్ట్ చేసి, ఏది పెడితే ఎలా మోగిందో రాయండి. గాడి ఎక్కడుందో కొలవండి. ర్యామ్ మీద అంటించిన లేబుల్ చదివించండి.

ద్వారకా నగర్‌లో ఇచ్చింది తిరిగి ఇచ్చెయ్యండి. మెమరీ తరం మారినప్పుడల్లా గాడి జరుపుతారు. పొరపాటున ఒకదాంట్లో ఒకటి దిగకూడదనే అలా చేస్తారు. బలవంతంగా నొక్కలేదు కదా?

ఖయ్యూం


అల్లిపురం
నవంబరు 23, శనివారం

అన్నా,

నొక్కలేదు. వేలికి తేడా తెలియగానే ఆపేశాను.

మీరు చెప్పినట్టే చేశాం. మొదటి ర్యామ్ ఒక్కటే పెడితే ఆ పొడుగు బీప్. రెండోది ఒక్కటే పెడితే ఒకే ఒక్క పొట్టి బీప్ మోగి, కంప్యూటరు తెర మీది రాత చదివి వినిపించే గొంతుతో మామూలుగా మాట్లాడింది. అది మాట్లాడే దాకా వస్తే తరువాత నాకెవరి సాయమూ అక్కర్లేదు. వెంటనే పదకొండో అధ్యాయం తెరిచాను. రాత ఉన్న పేజీలు బ్రెయిలీలోకి మారాయి. వృత్తం బొమ్మ వచ్చిన చోట బిగుసుకుంది. మూడుసార్లు ప్రయత్నించాను, మూడుసార్లూ అక్కడే. పదకొండు, పన్నెండు అధ్యాయాల నిండా బొమ్మలే. అంటే బొమ్మలకి ఒక్క ర్యామ్ చాలడం లేదు, చచ్చిపోయిన దానిలాంటిదే ఇంకొకటి దొరకాలి.

కొలతలు బ్రెయిలీ స్కేలుతో తీశాను. పొడవు పదమూడు సెంటీమీటర్ల మీద కొంచెం. గాడి సరిగ్గా మధ్యలో లేదు, అర సెంటీమీటరుకి లోపే పక్కకి ఉంది. షాపు వాళ్ళు ఇచ్చినదాంట్లో సెంటీమీటరు పైనే పక్కకి ఉంది.

లేబుల్ మూర్తి బాబాయి చదివి రాశారు: 1GB, 5300.

ఇంకొకటి. నిరుడు దసరాకి ఫోన్లో నాతో గంటసేపు మాట్లాడారు మీరు. ఇప్పుడు ఫోన్ ఎత్తనంటున్నారు. నా మీద కోపం ఉంటే అదీ రాయండి. మూర్తి బాబాయి చదివి వినిపిస్తారు, మొహమాటపడరు.

సూర్యకళ


తగరపువలస
నవంబరు 26, మంగళవారం

సూర్యకళమ్మకు,

కోపం లేదు.

కొలతలు బాగా తీశారు. కళ్ళున్నవాళ్ళు పంపిన కొలతలు చాలా చూశాను, ఇంత సరిగ్గా లేవు. మీది డీడీఆర్ అనే మెమరీలో రెండో తరం. ఇప్పుడు నడుస్తున్నది ఐదో తరం. కొత్తగా అమ్మేవాళ్ళ దగ్గర మీకు దొరకదు. నా దగ్గరున్నవన్నీ షాపు మూసేటప్పుడు ఇచ్చేశాను.

అచ్యుతాపురంలో గవర్రాజు అని ఉన్నాడు. ఫ్యాక్టరీలు తీసేసిన కంప్యూటర్లు కొని విప్పి అమ్ముతాడు. మనిషి మంచివాడు, కానీ వస్తువు తెలియదు, నంబరు చూసి ఇస్తాడు. పాత లేబుల్ మీద ఉన్నది ఉన్నట్టు చీటీ రాసి పంపండి. ఇంత చిన్నదెందుకు, నాలుగు జీబీది పట్టుకెళ్ళమంటాడు. వద్దనండి. ఆ తరంలో నాలుగు జీబీవి చాలావరకు వేరే కంపెనీ ప్రాసెసరు ఉన్న బోర్డులకే పనిచేస్తాయి. గాడి కుదురుతుంది, స్లాటులో దిగుతుంది, మీ బోర్డు మాత్రం దాన్ని చదవదు.

ఈ ఉత్తరం మా అమ్మాయి బుష్రా తెచ్చి ఇస్తుంది. ద్వారకా నగర్ కోచింగ్ సెంటరులో పాఠాలు చెబుతోంది, రోజూ వచ్చిపోతుంది. ఇకమీదట పోస్టు అక్కర్లేదు.

ఖయ్యూం


అల్లిపురం
నవంబరు 29, శుక్రవారం

అన్నా,

నిన్న మూర్తి బాబాయి చీటీ పట్టుకుని స్వయంగా అచ్యుతాపురం వెళ్ళారు. గవర్రాజు మీరన్నట్టే నాలుగు జీబీది చూపించాడట. బాబాయి వద్దని, చీటీలో ఉన్నదే తెచ్చారు. ఒక జీబీ, 5300. గాడి నేను కొలిచాను, అదే చోట. స్లాటులో చక్కగా దిగింది, రెండు పక్కలా క్లిప్పులు పడ్డాయి.

స్విచ్చి వేస్తే మళ్ళీ పొడుగు బీప్. పక్క స్లాటులో పెట్టాం, ఒంటరిగా పెట్టాం, దాని అంచున ఉండే లోహపు కాళ్ళు రబ్బరుతో తుడిచి పెట్టాం. అదే బీప్. తీసేస్తే మంచి ర్యామ్‌తో ఎప్పటిలాగే మాట్లాడుతోంది. మూర్తి బాబాయి మళ్ళీ వెళ్ళి వేరేది తెస్తానంటున్నారు. ఇదెందుకు పనిచెయ్యలేదో తెలియకుండా ఇంకొకటి తెచ్చి లాభం లేదని నేనే ఆపాను. ఇంకా ముప్పై రెండు రోజులున్నాయి.

బుష్రా ఉత్తరం ఇవ్వడానికి వచ్చినప్పుడు టీ తాగి వెళ్ళింది. మీరు ఫోన్ ఎందుకు ఎత్తరని అడిగాను. టీ గ్లాసు బల్ల మీద పెట్టింది. తరువాత చెప్పింది. "అబ్బాకి వినపడ్డం లేదు ఆంటీ. ఫిబ్రవరి నుంచి. ఎవరికీ చెప్పొద్దన్నారు."

ఆ అమ్మాయిని తిట్టకండి, నేను అడిగితేనే చెప్పింది. నాకు చూపు లేదన్న సంగతి మీకు మొదటి రోజే చెప్పాను కదా అన్నా. ప్రింటరు బిగించేటప్పుడు ఏ బటన్ ఎక్కడుందో నా చెయ్యి పట్టుకుని చూపించారు. మీరు మాత్రం నాకు చెప్పలేదు.

సూర్యకళ


తగరపువలస
డిసెంబరు 2, సోమవారం

సూర్యకళమ్మకు,

బుష్రాని తిట్టలేదు. తిట్టినా అది పలక మీద రాసే జవాబు నేను చదువుకోవాలి. అది నాకంటే వేగంగా రాస్తుంది.

ఫిబ్రవరిలో జ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది, చెవులు తిరిగి రాలేదు. చెవి మిషను పెట్టి చూశారు, ఉపయోగం లేదన్నారు. అయినా నెల రోజులు షాపు తీశాను. మార్చి 11న ఒక కస్టమరు కంప్యూటరు తెచ్చాడు. తెర నల్లగా ఉంది. కేబులు చూశాను, లోపల ఫ్యాను తిరుగుతోంది, కంప్యూటరు బాగానే ఉంది, మీ తెరే పోయిందని చెప్పాను. అతను నా మొహంలోకి చూసి కంప్యూటరు వైపు వేలు చూపించాడు. అది కూస్తోంది. నా చేతికి జానెడు దూరంలో కూస్తోంది, నేను బాగానే ఉందంటున్నాను. ఆ సాయంత్రం షట్టరు దించాను, మళ్ళీ ఎత్తలేదు.

మెకానిక్కుకి తెర వెలగకముందు జబ్బు చెప్పేది బీప్ ఒక్కటే. అది వినపడనివాడు ఊహించి చెప్పాలి. మీకు సమయం లేదు. వేరే ఎవరినైనా చూసుకోండి. ద్వారకా నగర్‌లో బుష్రాకి తెలిసినవాళ్ళున్నారు, అడగమంటాను.

మంగళవారం ఉదయం

పైది రాత్రి రాశాను. చింపుదామనుకుని బుష్రాకి చూపించాను. పలక మీద ఇలా రాసింది: "బీప్ ఆంటీకి వినపడుతోంది కదా, మీకెందుకు?"

అందుకని అడుగుతున్నాను. పనిచేస్తున్న పాత ర్యామ్, గవర్రాజు ఇచ్చిన ర్యామ్, రెండూ పక్కపక్కన పెట్టండి. రేకు ముట్టుకోవడం మరచిపోకండి. రెండింటి మీదా ఉన్న నల్ల చిప్పులు వేలితో లెక్కపెట్టండి, ఒక్కో వైపు ఎన్ని, అన్నీ ఒకే సైజువా అన్నది రాయండి. తరువాత, రెండు లేబుళ్ళ మీదా 5300 అయ్యాక ఏముందో చూడమనండి. అక్కడ ఇంగ్లీషు అక్షరం ఒకటి ఉండి తీరాలి. మీ చీటీలో లేదు. అది ఎవరు వదిలేశారో నాకు తెలియదు.

ఖయ్యూం


అల్లిపురం
డిసెంబరు 5, గురువారం

అన్నా,

మీ ఉత్తరం చదువుతూ మూర్తి బాబాయి "మీ చీటీలో లేదు" అన్నచోట ఆగిపోయారు. పేజీ అయిపోయిందా అని అడిగాను. లేదన్నారు. మిగిలింది చదివి, కళ్ళద్దాలు తుడుచుకోవాలని బయటికి వెళ్ళారు.

ఈలోగా నేను లెక్కపెట్టాను. పాతదాని మీద ఒక్కో వైపు ఎనిమిది చిప్పులు, అన్నీ ఒకే సైజు. గవర్రాజు ఇచ్చినదాని మీద ఒక్కో వైపు తొమ్మిది. అవి కాక మధ్యలో ఇంకొకటి ఉంది, మిగతావాటి కంటే పెద్దది. రెండోసారి లెక్కపెట్టాను, అంతే వచ్చింది. ఇవి జోడీ కావని అప్పుడే తెలిసింది. నవంబరు 28నే నేను దీన్ని పూర్తిగా తడిమి ఉంటే వారం మిగిలేది. గాడి కుదరగానే ఆగిపోయాను. ఆ తప్పు నాది.

బాబాయి లోపలికి వచ్చి రెండు లేబుళ్ళూ చదివారు. పాతదాని మీద 5300 తరువాత U. కొత్తదాని మీద P.

ఆ మాట ఆయన నోటితోనే వినండి, రాయమన్నాను, రాస్తున్నారు: "నానే వదిలేసినానమ్మా. యార్డులో అచ్చరాలు ఓడ కంపెనీవి, అంకెలు పెట్టెవి. అంకెలు సరిపోతే పెట్టి దొరికిపోద్ది. ముప్పై ఒక్క ఏళ్ళు అలాగే చీటీ రాసినాను, ఒక్క పెట్టీ తప్పిపోనేదు. ఇక్కడ అచ్చరమే అసలుదని నాకేటి తెల్సు. గవర్రాజుని అనకండి, నాను రాసిందే ఆడిచ్చినాడు."

ఇది రాశాక, ఇకనుంచి నీ ఉత్తరాలు వేరే ఎవరిచేతనైనా రాయించుకో అన్నారు. వేరే ఎవరూ లేరు, కూర్చోమన్నాను. కూర్చున్నారు.

U అంటే ఏమిటి? P అంటే ఏమిటి?

సూర్యకళ


తగరపువలస
డిసెంబరు 8, ఆదివారం

సూర్యకళమ్మకు, మూర్తి గారికి,

తొమ్మిది చిప్పులు, మధ్యలో పెద్దది అని చదవగానే నాకు అర్థమైంది. అక్షరాల దాకా చదవక్కర్లేకపోయింది.

P ఉన్నది సర్వర్ల మెమరీ. ఫ్యాక్టరీల్లో రాత్రింబవళ్ళు నడిచే పెద్ద యంత్రాలకి పెడతారు. మధ్యలో ఉన్న పెద్ద చిప్పు, బోర్డుకీ మిగతా చిప్పులకీ నడుమ గుమస్తాలా ఉంటుంది. తొమ్మిదోది తప్పులు పట్టుకోవడానికి. U ఉన్నది మీలాంటి బల్ల మీది కంప్యూటర్లకి, గుమస్తా లేకుండా బోర్డుతో నేరుగా మాట్లాడుతుంది. గాడి రెండింటికీ ఒకటే, అందుకే దిగింది. మీ బోర్డుకి గుమస్తా భాష రాదు, అందుకే కూసింది. ముక్క చెడిపోయింది కాదు, మీ బోర్డూ చెడిపోలేదు.

మూర్తి గారూ, మీరు బాధపడకండి. గవర్రాజు దగ్గరికి చీటీ పంపమన్నది నేను. అక్షరం వదలొద్దని చెప్పాల్సింది నేను. నా షాపులో ఆ మాట రోజుకి పదిసార్లు చెప్పేవాణ్ణి. ఎనిమిది నెలలు నోరు కట్టుకుని కూర్చుంటే మరచిపోయాను.

నిన్న శనివారం నేనే అచ్యుతాపురం వెళ్ళాను. బుష్రా తోడు వచ్చింది. షట్టరు దించాక ఊరు దాటడం ఇదే మొదలు. గవర్రాజు నన్ను చూసి చాలా మాట్లాడాడు. వినపడదని సైగ చేశాను. గోడకి ఆనించిన ఇనుప రేకు మీద సుద్దముక్కతో రాశాడు: "బావా, ముందే సెప్పొచ్చు కదా. ఇంతసేపూ నిన్ను తిట్టినాను, దండగైపోయింది."

మూడు గంపలు వెదికాను. U ఉన్న ఒక జీబీవి రెండు దొరికాయి, 5300వే, ఎనిమిదేసి చిప్పులవి. ఒకటి వాడండి, ఒకటి దాచుకోండి. మీ P తిరిగి ఇచ్చేస్తే గవర్రాజు తీసుకుంటాడు. సీడీ కూడా పంపుతున్నాను. స్టార్ట్ అయ్యేటప్పుడు అది వేస్తే మెమరీని మూల మూలా పరీక్షిస్తుంది. ఆ పరీక్ష మాట్లాడదు, తెర మీదే చూపిస్తుంది. ఎర్ర గీత ఒక్కటి వచ్చినా ఆ ముక్క వద్దు. కనీసం ఆరు గంటలు నడవనివ్వండి. తొందరపడి ముందే ప్రింటు మొదలుపెట్టకండి.

ఖయ్యూం


అల్లిపురం
డిసెంబరు 11, బుధవారం

అన్నా,

సోమవారం సాయంత్రం ఐదు ఇరవైకి మీరు పంపిన ర్యామ్ పెట్టాం. ఒకటే పొట్టి బీప్.

వెంటనే అధ్యాయం తెరవాలనిపించింది. తెరవలేదు. మంగళవారం ఉదయం ఎనిమిదికి సీడీ వేశాం. రెండున్నర దాకా మూర్తి బాబాయి తెర ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నారు, అన్నం కూడా అక్కడే. ఓడ నుంచి పెట్టెలు దిగుతున్నప్పుడు కూడా ఇలా కన్నార్పకుండా చూళ్ళేదని చెప్పారు. ఎర్ర గీత రాలేదు. తప్పులు సున్నా. ఆ సున్నా పక్కన ఇంగ్లీషులో ఉన్న ప్రతి అక్షరం కూడా ఆయన నాకు చదివి వినిపించారు, ఇప్పుడు ఏదీ వదలడం లేదు.

మూడు గంటలకు పదకొండో అధ్యాయం తెరిచాను. మొదటి వృత్తం దాటింది. రెండోది దాటింది. ఈ ఉదయం పదకొండున్నరకి యాభై నాలుగు పేజీలూ వచ్చేశాయి. యశస్వినికి ఫోన్ చేస్తే స్కూలు నుంచి నేరుగా వచ్చింది. ఇక్కడే కూర్చుని సెక్టారు వైశాల్యం చదివి, మొదటి లెక్క చేసి, జవాబు సరిచూడమంది. చూశాను, తప్పు. చెప్పాను. మళ్ళీ చేసింది, సరైంది. ఇంకా మూడే కదా ఆంటీ అని, పేజీలు సంచిలో పెట్టుకుని వెళ్ళింది.

ఇప్పుడు సంగతి ఇది. నిన్నటి నుంచి క్యాబినెట్ లోపల ఫ్యాను గీరుతోంది. వేడెక్కేకొద్దీ చప్పుడు పెరుగుతోంది. మధ్యాహ్నం ఒకసారి పూర్తిగా ఆగి, మళ్ళీ తిరిగింది. నేను కట్టేశాను. పన్నెండో అధ్యాయం అన్నిటికంటే పెద్దది, నూట పది పేజీలు, రెండు రోజులు ఆపకుండా నడవాలి. మధ్యలో ఫ్యాను ఆగితే పోయేది ర్యామ్ ఒక్కటే కాదు. ఎక్కడ గీరుతోందో నేను వినగలను. రెక్కకి ఏం తగులుతోందో చూసి సరిచెయ్యాల్సింది మీరు. ఇది ఉత్తరాల్లో అయ్యే పని కాదు.

నవంబరు 19న అడిగాను, ఇప్పుడు మళ్ళీ అడుగుతున్నాను. మీరు ఒకసారి వస్తారా?

సూర్యకళ


తగరపువలస
డిసెంబరు 13, శుక్రవారం

సూర్యకళమ్మకు,

వస్తాను.

నేను వచ్చేదాకా కంప్యూటరు వెయ్యవద్దు. కొత్త ఫ్యాను ఒకటి, పాత ఫ్యాన్లు రెండు, నూనె సీసా, స్క్రూడ్రైవర్లు సర్దుకున్నాను. ఫ్యాను తిరిగేటప్పుడు మీరు పక్కన నిలబడాలి. గీరుడు వినపడితే నా భుజం మీద ఒకసారి తట్టండి, ఆగితే రెండుసార్లు. మూర్తి గారు టార్చిలైటు పట్టుకోవాలి. మిగిలింది నేను చూసుకుంటాను.

బుష్రా సెలవు పెట్టి తోడు వస్తానంది. వద్దన్నాను. పలక మాత్రం అడిగి తీసుకున్నాను.

సోమవారం, డిసెంబరు 16. ఉదయం ఎనిమిదింటికి తగరపువలసలో బస్సు ఎక్కుతాను. తొమ్మిదిన్నరకి మీ గది దగ్గర ఉంటాను. లోపలి నుంచి పిలిస్తే నాకు వినపడదు, కాబట్టి తలుపు తీసి ఉంచండి. ఫ్యాను పని గంట. పదకొండింటికి పన్నెండో అధ్యాయం, మొదటి పేజీ.

ఖయ్యూం